నాలుక కింద మందు

2019 మార్చిలో నాకు నడుము ఆపరేషన్ అయింది. నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య డిస్క్ జరిగి నరాన్ని నొక్కింది. ఎడమ కాలు మొద్దుబారి, కారు దిగడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చాక ఆపరేషన్ తప్పలేదు. మేం ఉండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కి పడమటి వైపు. నాది తెనాలి దగ్గర ఊరు. ఒక ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఆపరేషన్ బాగానే జరిగింది. నేను రాస్తున్నది దాని తర్వాతి సంగతి.

ఇంటికి పంపేటప్పుడు ఆక్సికోడోన్ అనే నొప్పి బిళ్ళలు రాశారు. 5 మిల్లీగ్రాములవి. మొదటిసారి ఇలాంటి బిళ్ళలు రాసేటప్పుడు ఏడు రోజులకి మించి రాయకూడదని ఈ రాష్ట్రంలో 2016 నుంచి చట్టం ఉంది. నాకూ ఏడు రోజులకే ఇచ్చారు. రెండోసారి రాయడానికి ఆ చట్టం అడ్డు రాదు. నొప్పి తగ్గలేదన్నాను, మళ్ళీ రాశారు. అప్పట్లో నొప్పి నిజంగానే ఉంది.

కానీ ఆ బిళ్ళ తగ్గించింది నొప్పినొక్కదాన్నే కాదు. చిన్నప్పటి నుంచీ నాకు లోపల ఒక గుబులు ఉంటుంది. పరీక్షలప్పుడు, పెళ్ళిచూపులప్పుడు, వీసా ఇంటర్వ్యూ అప్పుడు, ఏమీ లేని ఆదివారం సాయంత్రం కూడా. బిళ్ళ వేసుకున్న అరగంటకి ఆ గుబులు ఆగేది. అది ఆగుతుందని అంతకుముందు నాకు తెలియదు. నడుము నొప్పి పోయాక కూడా నేను బిళ్ళలు అడిగింది అందుకే. డాక్టరుకి మాత్రం నడుమనే చెప్పాను.

వేసవిలో ఒకసారి బిళ్ళలు అయిపోయాయి. మర్నాడు ముక్కు కారింది, ఆవలింతలు ఆగలేదు, ఒళ్ళంతా నొప్పులు, కడుపు కదిలింది. ఫ్లూ అనుకున్నాను. పాత డబ్బా అడుగున ఒక బిళ్ళ కనబడితే వేసుకున్నాను. అరగంటలో ఫ్లూ పోయింది. నా పరిస్థితి ఏమిటో అప్పుడు అర్థమైంది. మంచం మీద కూర్చుని, ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ చేసిన సర్జన్ ఆఫీసు రాయడం మానేసింది. మా కుటుంబ డాక్టరు కొన్నాళ్ళు రాశారు. ఇక్కడ ఎవరు ఎప్పుడు ఏ మత్తుబిళ్ళ రాసిందీ కంప్యూటర్లో డాక్టర్లందరికీ కనిపిస్తుంది. ఒకరోజు ఆవిడ తెర నా వైపు తిప్పి చూపించారు. ఇంక రాయలేనన్నారు. దీనికి ఒక మందు ఉందని, అది రాయడానికి తనకి అనుమతి లేదని అన్నారు. ఫోన్ నంబర్ల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. కారులో కూర్చుని దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఒక్క నంబరుకీ ఫోన్ చెయ్యలేదు.

ఆ అనుమతి సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు. ఆక్సికోడోన్ ఏ డాక్టరైనా రాయొచ్చు. దాని నుంచి బయటపడేసే బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే మాత్రం అప్పట్లో విడిగా ఎనిమిది గంటల శిక్షణ, ప్రభుత్వం దగ్గర విడిగా అనుమతి, మొదట్లో ముప్ఫై మంది రోగులకే అనే పరిమితి. మామూలు క్లినిక్కుల్లో ఈ చికిత్స చెయ్యడానికి దారి తెరిచింది 2000 సంవత్సరం నాటి చట్టం. మందుకి ఆమోదం దొరికింది 2002లో. దారి తెరిచిన ఆ చట్టమే ఈ గేటూ పెట్టింది. 2022 డిసెంబరు ఆఖర్లో వచ్చిన కొత్త చట్టంతో గేటు తీసేశారు. నాకు అవసరమైనప్పుడు మాత్రం గేటు ఉంది.

తర్వాతి కొన్ని నెలల గురించి తొందరగా చెప్పేస్తాను. స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. వాళ్ళ అత్తగారికి అంతకుముందే మోకాలి మార్పిడి అయింది. కథ చదువుతుండగా నేను బాత్రూంకని లేచి, అద్దం వెనక అలమర తెరిచి, ఆవిడ బిళ్ళల్లోంచి కొన్ని తీసుకున్నాను. వచ్చి ప్రసాదం తిన్నాను. ఆ పెద్దావిడ నా తల నిమిరి, నడుము ఎలా ఉందమ్మా అని అడిగింది. ఆ తర్వాత మరో రెండు ఇళ్ళలో ఇదే పని చేశాను.

అవి సరిపోనప్పుడు కొనడం మొదలుపెట్టాను. ఆఫీసులో పరిచయమైన ఒకతని ద్వారా నీలం రంగు బిళ్ళలు వచ్చేవి. వాటి మీద అచ్చు సరిగ్గా ఉండేది కాబట్టి ఫార్మసీవే అనుకున్నాను. డబ్బు ఎక్కడిదని మా ఆయన అడిగితే, అమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్‌కి పంపానన్నాను.

2020 సెప్టెంబరులో మా ఆయన వాట్సాప్‌లో అమ్మతో మాట్లాడుతూ, కన్ను ఎలా ఉంది అత్తయ్యా అని అడిగారు. నా కంటికేమైంది బాబూ అంది అమ్మ. నేను వంటింట్లో ఉన్నాను. మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఆయన అమ్మకి ఏమీ తెలియనివ్వలేదు, ఏదో సర్దిచెప్పి పెట్టేశారు. వచ్చి స్టవ్ ఆపేశారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పు అన్నారు. చెప్పాను. అంతా కాదు. వ్రతం సంగతి చెప్పలేదు. అది చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

మనసు గట్టి చేసుకుంటే మానెయ్యొచ్చని ఆయన నమ్మారు. నేనూ నమ్మాను. వాళ్ళ నాన్నగారు చుట్ట ఒక్క పూటలో మానేశారట. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఇంట్లోనే మానిపించాలని అనుకున్నాం. పాపని స్నేహితురాలి ఇంటికి పంపాం. శనివారం మధ్యాహ్నానికి ముక్కు, కళ్ళు, ఆవలింతలు. రాత్రికి వాంతులు, విరేచనాలు. ఒళ్ళు కాలిపోతున్నట్టూ ఉంటుంది, చలితో వెంట్రుకలు నిక్కబొడుచుకునీ ఉంటాయి. అన్నిటికన్నా కాళ్ళు. కుదురుగా పెట్టలేం, ముడవలేం, చాపలేం. ఆదివారం నేను ఆయన్ని బతిమాలాను. తర్వాత తిట్టాను. మా పదిహేనేళ్ళ కాపురంలో అనని మాటలన్నాను.

ఆదివారం రాత్రి హ్యాండ్‌బ్యాగు లైనింగు చించి, దాచిన రెండు బిళ్ళలూ ఒకేసారి వేసుకున్నాను. తలుపు గడియ పెట్టకూడదని మా ఒప్పందం. అదే నన్ను బతికించింది. ఆయన వచ్చేసరికి స్నానాల తొట్టి అంచుకి ఆనుకుని ఉన్నానట, పెదాలు నల్లబడ్డాయట, ఊపిరి చాలా సేపటికొకసారి తీస్తున్నానట. చెంపల మీద కొట్టి, గుండె మీద గట్టిగా రుద్ది, చన్నీళ్ళు పోసి, పేరు పెట్టి అరిచి లేపారు. తెల్లారేదాకా పడుకోనివ్వలేదు.

అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో రాయాలి, ఎందుకంటే మనవాళ్ళిళ్ళలో ఈ భయం చాలామందికి ఉంది. మా గ్రీన్‌కార్డు వరసలో ఉంది. పోలీసులు వస్తారు, రికార్డులో పడుతుంది, అందరం ఇండియా పోవాలి అనుకున్నారాయన. ఓవర్‌డోస్ అయినప్పుడు సాయానికి ఫోన్ చేసినవాళ్ళ మీద, పడిపోయినవాళ్ళ మీద మత్తుమందు దగ్గర ఉందన్న కేసు పెట్టకుండా ఈ రాష్ట్రంలో 2012 నుంచి చట్టం ఉంది. మాకు తెలియదు. వలస కాగితాల సంగతి తర్వాత లాయరుతో మాట్లాడాం. చికిత్స ఆపొద్దు, కాగితాలన్నీ జాగ్రత్త చేసుకోండి అన్నాడు. ఆ రాత్రి నా ఊపిరి ఇంకొంచెం నెమ్మదించి ఉంటే ఆ కాగితాలతో పనే ఉండేది కాదు.

సోమవారం పొద్దున్నే ఆయన ఫార్మసీకి వెళ్ళారు. నెలోక్సోన్ అనే మందు ఉందని, ముక్కులో కొడితే ఆగిన ఊపిరి తిరిగి వస్తుందని రాత్రి కూర్చుని చదివారు. చీటీ లేకుండా ఇస్తారో లేదో అని భయపడుతూ అడిగారు. కౌంటర్లో ఉన్న ఫార్మసిస్టు ఎవరికని అడగలేదు. రెండు స్ప్రేలున్న పెట్టె ఇచ్చి, ఎలా వాడాలో చూపించి, గొంతు తగ్గించి, మన పక్క ఊళ్ళో హెల్త్ సెంటర్ ఉంది, అక్కడి నర్సుకి ఈ పూటే ఫోన్ చెయ్యండి అని పెట్టె మీదే నంబరు రాసి ఇచ్చిందట. నేను మడిచి పర్సులో పెట్టుకున్న కాగితంలో ఆ నంబరు కూడా ఉంది. కానీ మమ్మల్ని కదిలించింది ఆవిడ చేతిరాత. ఆవిడకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఫోన్ చేస్తే మర్నాడే రమ్మన్నారు. నేను ఊహించుకున్నది వేరు. ఇనుప తలుపులు, సంతకాలు, వరసలో నిలబడ్డ మనుషులు. అది మామూలు క్లినిక్కు. మాస్కు వేసుకున్న ఒక తల్లి పిల్లాడికి టీకా కోసం కూర్చుంది. ఒక ముసలాయన బీపీ పుస్తకం చేతిలో పట్టుకున్నాడు. నన్నూ పేరు పెట్టి పిలిచారు, బరువు చూశారు, బీపీ చూశారు. నేనెందుకు వచ్చానో ఆ గదిలో ఎవరికీ తెలియదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోకుండా ఉన్నది అందువల్లే. నాలాంటిదాన్ని ‘డ్రగ్స్ సెంటర్’ అని బోర్డున్న చోటికి రమ్మంటే రాను. చచ్చినా రాను అని అనేదాన్ని, నిజంగానే చచ్చేదాన్ని.

అక్కడ ఈ చికిత్సకే ప్రత్యేకంగా ఒక నర్సు ఉన్నారు. డాక్టరు మందు రాస్తారు, మిగతా భారమంతా నర్సు మోస్తారు. ఫోన్లు, పరీక్షలు, ఫార్మసీతో, ఇన్సూరెన్సుతో తగువులు అన్నీ ఆవిడే. బోస్టన్ మెడికల్ సెంటర్‌లో 2003లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. అక్కడి నుంచి రాష్ట్రంలోని చిన్న చిన్న హెల్త్ సెంటర్లకి పాకింది. ఆవిడ ఏం వాడతావు, ఎంత, ఎప్పటి నుంచి, చివరిసారి ఎప్పుడు అని అడిగారు. నిద్రమాత్రలు, మద్యం, గర్భం గురించి అడిగారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అదే గొంతుతో అడిగారు. ఎందుకు వాడావని ఒక్కసారీ అడగలేదు.

మూత్ర పరీక్షలో ఆక్సికోడోన్ లేదు. ఫెంటనిల్ ఉంది.

నేను నవ్వాను. పరీక్ష తప్పన్నాను. నర్సు తల అడ్డంగా ఊపారు. వీధిలో అమ్మే ఆ నీలం బిళ్ళలు దొంగ అచ్చువి, లోపల ఉండేది ఫెంటనిల్, అది మార్ఫిన్ కన్నా దాదాపు వంద రెట్లు బలమైనది, ఒక బిళ్ళలో ఎంత ఉందో తయారుచేసినవాడికి కూడా తెలియదు అన్నారు. ఆ ఏడాది ఈ రాష్ట్రంలో ఓపియాయిడ్లతో, అంటే నల్లమందు జాతి మందులతో, చనిపోయినవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా రక్తంలో ఫెంటనిల్ కనిపించింది. నేను నొప్పి బిళ్ళ వేసుకుంటున్నానని, వాళ్ళ లాంటిదాన్ని కానని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను. ఆ గదిలో నాకు చేతులు వణికాయి.

డాక్టరుగారు మూడు దారులు చెప్పారు. మెథడోన్ మంచి మందే, కానీ దానికోసం విడిగా ఉన్న కేంద్రానికి, మొదట్లో దాదాపు రోజూ వెళ్ళాలి. నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్ నెలకొకటి, కానీ దానికి ముందు వారానికి పైగా ఏమీ వాడకుండా ఉండాలి. ఆదివారం రాత్రి జరిగింది గుర్తొచ్చి అది నావల్ల కాదన్నాను. మూడోది బ్యూప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకునే సన్నని పొర. ఇంటికి తీసుకెళ్ళి వేసుకోవచ్చు.

అది పనిచేసే తీరు ఆయన ఇలా చెప్పారు. ఈ జాతి మందులన్నీ మెదడులో కూర్చునే కుర్చీలు ఒకటే. ఇది వచ్చి, ముందు కూర్చున్నదాన్ని లేపేసి తను గట్టిగా కూర్చుంటుంది. కానీ సగం పనే చేస్తుంది. బాధ రానివ్వదు, యావ తగ్గిస్తుంది, ఊపిరిని మాత్రం ఒక హద్దు దాటి అణచదు. మద్యమో నిద్రమాత్రలో కలిస్తే ఆ హద్దుని నమ్ముకోకూడదు. అందులోనే కొంచెం నెలోక్సోన్ కలిపి ఉంటుంది. నాలుక కింద అది లెక్కలోకి రాదు, కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం అడ్డం తిరుగుతుంది. చిక్కల్లా ఒకటే. కుర్చీల్లో పాత మందు నిండా ఉండగా దీన్ని వేసుకుంటే, అన్నిటినీ ఒక్కసారిగా లేపేస్తుంది. మూడు రోజుల బాధ అరగంటలో మీద పడుతుంది. కాబట్టి ముందు బాధ రానివ్వాలి. ఫెంటనిల్ కొవ్వులో నిలవుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

నాకు ఆ ఒక్క మాటే వినపడింది. మళ్ళీ ఆ కాళ్ళు.

వచ్చే వారం బుధవారం ఇంట్లోనే మొదలుపెట్టాలని నిర్ణయించాం. కొవిడ్ కాలం కాబట్టి నర్సు ఫోన్లో తోడుంటానన్నారు. వాంతికి, విరేచనాలకి, ఒళ్ళు నొప్పులకి, నిద్రకి విడిగా మందులు రాశారు. మధ్యలో ఉన్న రోజుల్లో ఒక్కదానివే వాడకు, పక్కన మనిషి, మనిషి చేతిలో స్ప్రే ఉండాలి అన్నారు. వాడమని చెప్పడం కాదది. వాడతానని ఆవిడకి తెలుసు. ఆ నిజాయితీ నన్ను ఆశ్చర్యపరిచింది. మా పాపకి అప్పుడు పన్నెండేళ్ళు. స్ప్రే ఎలా కొట్టాలో దానికీ నేర్పించాం. అమ్మ లేవకపోతే అని మొదలుపెట్టి మా ఆయన చెబుతుంటే అది నా వైపు చూడకుండా తలూపింది.

సోమవారం రాత్రి ఆఖరి బిళ్ళ. మంగళవారం మధ్యాహ్నానికి ఆవలింతలు మొదలయ్యాయి. రాత్రికి దుప్పట్లు మార్చాల్సి వచ్చింది. మా ఆయన నేల మీద కూర్చుని నా పిక్కలు పిసికారు. తెల్లవారుజామున నాకు మతి నిలవలేదు. కందిపప్పు డబ్బాలో ఇంకో బిళ్ళ ఉంది. ఆయనకి తెలియదు, క్లినిక్కుకి తెలియదు. దాని గురించి తప్ప వేరే ఆలోచన లేదు.

బుధవారం తొమ్మిదింటికి నర్సు ఫోన్ చేశారు. చెమటలు, వణుకు, కీళ్ళ నొప్పులు, కళ్ళ నీళ్ళు, ఆందోళన అంటూ పదకొండు లక్షణాలకి మార్కులు వేసే ఒక స్కేలు ఉంది. ఫోన్లో వీలైనవన్నీ అడిగి, కనుపాపలు ఎంత పెద్దవయ్యాయో మా ఆయనని అడిగి, ఇంకో గంట ఆగుదాం అన్నారు. నేను ఏడ్చాను. ఏడుస్తూ డబ్బా సంగతి చెప్పేశాను. ధైర్యం కాదది. ఆ గంట నావల్ల కాదని తెలిసి చెప్పాను. నర్సు కోప్పడలేదు. మీ ఆయనకి ఫోన్ ఇవ్వండి అన్నారు. ఆయన వంటింట్లోకి వెళ్ళి పప్పంతా పళ్ళెంలో పోసి వెతికి, టాయిలెట్లో వేసి నీళ్ళు వదిలారు. ఆ చప్పుడు విని నాకు ఉపశమనం కలగలేదు. ఆయన మీద ద్వేషం కలిగింది. అలాగే రాస్తున్నాను.

పదింటికి మొదటి పొర, 2 మిల్లీగ్రాములది. నాలుక కింద పెట్టుకుని మాట్లాడకూడదు, మింగకూడదు. మింగితే పెద్దగా పనిచెయ్యదు. నిమ్మ రుచి, దాని వెనక చేదు. ఇరవై నిమిషాలకి కడుపులో తిప్పింది. డాక్టరుగారు చెప్పిన ఆ బాధే వచ్చేసిందనుకున్నాను. గుండె దడదడలాడింది. నర్సు లైన్లోనే ఉన్నారు. ఊపిరి లెక్కపెట్టించారు. వాంతి ఒక్కటే అయింది, మిగతావి పెరగలేదు. పదకొండింటికి ఇంకోటి. మధ్యాహ్నం ఇంకొంచెం ఎక్కువ. మూడు గంటలప్పుడు నా కాళ్ళు కదలకుండా ఉన్నాయని గమనించాను. ఎప్పటి నుంచి ఉన్నాయో తెలియదు. పెరుగన్నం కలిపిమ్మన్నాను. తిన్నాను.

గురువారం మొత్తం 16 మిల్లీగ్రాములు. మత్తెక్కలేదు. హాయిగానూ లేదు. ఆఫీసు మీటింగులో పొర కరిగేదాకా మ్యూట్‌లో కూర్చుని, తర్వాత మాట్లాడాను. ఎవరికీ తేడా తెలియలేదు. నాకు తెలిసిన తేడా ఏమిటంటే, ఆ మీటింగు గంటసేపూ బిళ్ళల గురించి ఆలోచించలేదు.

తర్వాత వారం వారం వెళ్ళేదాన్ని. మందు ఏడు రోజులకే ఇచ్చేవారు, తర్వాత పద్నాలుగు, తర్వాత ఇరవై ఎనిమిది. మూత్ర పరీక్ష ఉండేది. మొదట్లో అది అవమానంగా అనిపించేది. మలబద్ధకం, చెమటలు ఉన్నాయి, ఇప్పటికీ కొంత ఉన్నాయి. పళ్ళు జాగ్రత్త. నోట్లో కరిగే ఈ మందుతో పళ్ళు పాడవుతున్నాయని 2022 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కరిగాక నీళ్ళు పుక్కిలించి, గంట ఆగి బ్రష్ చేసుకోవాలి. నాకు ఈ సంగతి తెలిసేసరికి ఒక దంతం పోయింది.

2021 మేలో నాన్న కొవిడ్‌తో గుంటూరు ఆసుపత్రిలో పోయారు. నేను వెళ్ళలేకపోయాను. ఫోన్ తెరలో చూశాను. ఆ రాత్రి బిళ్ళ దొరికి ఉంటే వేసుకునేదాన్ని. దగ్గర లేవు, తెచ్చే అతని నంబరు తీసేశాను, అంతే. పొద్దున నర్సుకి ఫోన్ చేశాను. నర్సు మాట్లాడి, డాక్టరుగారికి చెప్పి నా మోతాదు పెంచించారు, ఆ వారమంతా రోజూ పొద్దున ఫోన్ చేశారు. మా నాన్న ఏం చేసేవారని అడిగారు. హైస్కూల్లో లెక్కల మాస్టారని చెప్పాను. ఇక్కడ ఆయన గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే.

మా బావగారు డాక్టరు. ఇండియాలోనే ఉంటారు. ఒక మత్తు మానిపించి ఇంకో మత్తు అలవాటు చేశారు, ఇదేం వైద్యం అన్నారు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు కొంత ఉంది. ఈ మందు మానేస్తే నాకు బాధ వస్తుంది, నిజమే. కానీ దీనికోసం నేను ఎవరి అలమరా తెరవలేదు. ఈ చికిత్సలో ఉన్నవాళ్ళలో చావులు, లేనివాళ్ళతో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. ఫ్రాన్సులో 1995 నుంచి మామూలు డాక్టర్లందరూ ప్రత్యేక శిక్షణ లేకుండానే దీన్ని రాసేలా చేశారు. 1999కల్లా అక్కడ ఓవర్‌డోస్ చావులు దాదాపు ఎనభై శాతం పడిపోయాయి. బావగారికి ఇది పంపాను. చదివానన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

అమ్మకి ఎలా చెప్పాలో తెలియక, నల్లమందు జాతి బిళ్ళలకి అలవాటు పడ్డానమ్మా అన్నాను. తనకి వెంటనే అర్థమైంది. వాళ్ళ ఊళ్ళో నల్లమందు ఉండలు మింగే తాతలుండేవారట. వాళ్ళని ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదే అంది. శుక్లాల అబద్ధం సంగతి కూడా చెప్పాను. నిరుడు ఆ ఆపరేషన్ నిజంగానే అయింది, డబ్బు నేనే పంపాను. రసీదు ఫొటో మా ఆయనకి అమ్మే పంపింది, అడక్కుండానే.

2022లో మందు తగ్గించాలని నేనే పట్టుబట్టాను. మా ఆయన కూడా ఎన్నాళ్ళు అని అడుగుతూ ఉండేవారు. 16 నుంచి 12కి, 8కి, 4కి వచ్చాం, నెలలు పట్టింది. 4 దగ్గర నిద్ర పోయింది, గుబులు తిరిగొచ్చింది. స్నేహితుల ఇంట్లో చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, అద్దం వెనక అలమర వైపు చూస్తూ నిలబడ్డాను. తెరవలేదు. మర్నాడు క్లినిక్కులో చెప్పాను. తిరిగి 12కి వచ్చాం. బీపీ మందు ఎన్నాళ్ళని ఎవరైనా అడుగుతారా అన్నారు డాక్టరుగారు. మా ఆయన అడుగుతారు, ఆయనకి బీపీ ఉంది, ఆ ప్రశ్నే రోజూ అడుగుతారు అన్నాను. నవ్వాం. ఇప్పటికీ 12 మీదే ఉన్నాను. రాత్రి పడుకునే ముందు పొరలు ఎన్ని మిగిలాయో చూసుకుంటాను. మంచు తుఫాను వస్తుందంటే అందరూ పాలకి, బ్రెడ్డుకి పరుగెత్తుతారు, నేను ఫార్మసీకి ఫోన్ చేస్తాను.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది అమెరికా గొడవ అనుకోవచ్చు. 2019లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడేవాళ్ళు రెండు కోట్లకి పైనే. వాటితో ఇబ్బంది పడుతున్నవాళ్ళలో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. ఈ మందు అక్కడా ఉంది, కానీ ఎక్కువగా డీఎడిక్షన్ కేంద్రాల్లో దొరుకుతుంది. పంజాబ్ 2017లో దీనికోసం అవుట్‌పేషెంట్ క్లినిక్కులు తెరిచింది. ఇండియాలో కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446. అమెరికాలో 1-800-662-4357, రాత్రీ పగలూ ఎత్తుతారు, పేరు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇప్పుడు మీ కుటుంబ డాక్టరే రాయొచ్చు. రాయనంటే, ఎవరు రాస్తారో చెప్పమని అడగండి, ఆ కాగితాన్ని నాలా మడిచి పెట్టుకోకండి. 2023 నుంచి నెలోక్సోన్ స్ప్రే కూడా చీటీ లేకుండా షాపులోనే కొనుక్కోవచ్చు. అది ఇంట్లో పెట్టుకుని, ఎక్కడ పెట్టారో ఇంట్లో వాళ్ళకి చెప్పండి.

క్లినిక్కుకి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలో తెలియక నేను ఫోన్ మా ఆయనకి ఇచ్చేశాను. చెప్పాల్సింది తక్కువే. ఏం వాడుతున్నారు, ఎక్కడి నుంచి వచ్చింది, చివరిసారి ఎన్నింటికి వేసుకున్నారు. గంట అటూ ఇటూ చెయ్యకండి, బిళ్ళ వీధిలోదైతే వీధిలోదనే చెప్పండి. నాలుక కింద మొదటి పొర ఎప్పుడు పెట్టుకోవాలో వాళ్ళు లెక్కగట్టేది ఆ సమాధానాన్ని బట్టే.